కాళ్లున్న తొట్టి

విజేందర్‌కు బకెట్ చూస్తే రోత. బకెట్‌లో చెంబు చూస్తే ఇంకా రోత. చెంబు మీద ఇంకొకరి వేలిముద్ర కనబడితే డోకు.

రిటైరయ్యాక తిరుమలగిరి అవతల తోట కొన్నది భార్య భాగ్యశ్రీ ముచ్చట మీద. తోట నిండా మునగ చెట్లే గానీ, ఆయన మునగడానికి మాత్రం జాగా లేదు. మొదటి రోజే బావి గట్టు మీద కాపలా బీరన్న చెంబు అందించాడు.

"దీంతో ఎవరు పోసుకున్నరు?"

"మనుషులెవ్వరు పోసుకోలే సారూ. గొర్లను కడుగుత."

విజేందర్ ఆ రోజు స్నానం మానేశాడు. మర్నాడూ మానేశాడు. తోటలో కోత లేదు, అంతా రోతే. చివరికి తన కంపు తనకే సోకి, ముక్కు మూసుకుని తేల్చేశాడు.

"తోట అమ్మేసి హైదరాబాద్ పోదాం."

భాగ్యశ్రీ అడ్డమొచ్చి నిలబడింది. "ఏం దొరికితే ఉంటరో చెప్పుండ్రి."

"ఇంతవరకు ఏ మనిషీ స్నానం చెయ్యని తొట్టి."

"కొత్తది కొందాం."

"షాపుల ఎంతమంది అండ్ల కూసొని చూసిన్రో నీకేం ఎరుక?"

అంతలో అదృష్టం భూమిలోంచి లేచింది. తోట మూల గుండ్రంగా పాతిన బండల్ని పీకేసి సెప్టిక్ ట్యాంకుకు గుంత తవ్విస్తుంటే, జేసీబీకి తొట్టి తగిలింది. కాల్చిన ఎర్రమట్టిది. మనిషంత పొడుగు. కింద రెండు వరసల్లో పొట్టి పొట్టి కాళ్లు. పైన మూత.

"నడిచొచ్చిందేమో సారూ," అన్నాడు బీరన్న.

మూత ఉందంటే ఎవరి చెయ్యీ పడలేదని విజేందర్ లెక్క. ఫినాయిలుతో కడిగించాడు. పగుళ్లకు సిమెంటు పెట్టించాడు. అడుగున తెల్లటి ముక్కలు కొన్ని దొరికాయి, తేలిగ్గా, చిల్లులు చిల్లులుగా. ఒకదాన్ని మరగబెట్టి మడమలు రుద్దుకోవడానికి దాచుకుని, మిగతావి గుంతలోకి విసిరాడు.

నీళ్లు నింపి పడుకున్నాడు. కొలతలు తీసి కుట్టిన చొక్కాలా భుజాలకు సరిపోయింది. తోట అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం భాగ్యశ్రీ స్నేహితురాలు జబీన్ వచ్చింది. నల్గొండ కాలేజీలో చరిత్ర చెబుతుంది. తొట్టిని చూసింది. మూతను చూసింది. తువ్వాలుతో నిలబడి మడమ రుద్దుకుంటున్న విజేందర్‌ని, ఆయన చేతిలోని తెల్ల ముక్కని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాతదే గదా?" అన్నాడు విజేందర్, చెయ్యి ఆపి.

"మూడు వేల ఏండ్లది అన్నా."

ఆయన మొహం నల్లబడింది. "గన్నేండ్లల్ల ఎవడో ఒకడు అండ్ల తానం చెయ్యకుంట ఉంటడా? నిజం చెప్పమ్మా. చేసిండంటే రేపే తోట అమ్ముత."

వెనక నుంచి భాగ్యశ్రీ రెండు చేతులూ జోడించి జబీన్‌ను బతిమాలింది.

జబీన్‌కు అబద్ధమాడే అవసరమే రాలేదు.

"ఫికర్ చెయ్యకు అన్నా, దీంట్ల ఎవ్వరు స్నానం చెయ్యలే, బయటనే ఆఖరి స్నానం చేయించి, తెచ్చి దీంట్ల పండవెట్టి మూత వెట్టిన్రు."