కదలని మచ్చ

"మీ లెన్స్ పాడైంది బాబాయ్. సాక్ష్యంతో సహా తెచ్చాను," అంటూ ఆమె కెమెరాను షాపు కౌంటర్ మీద పెట్టింది.

కెమెరాల షాపు పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "నా లెన్స్‌కేం రోగం? వణికేది నీ చెయ్యేనని నిన్ననే చెప్పాను కదా."

రక్తపరీక్షల ల్యాబులో పసిపిల్లల నరం వెతికి సూది గుచ్చడం ఆమె ఉద్యోగం. సరదాకి చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో ఫొటోలు మొదలుపెట్టి వారమైంది, ఒక్కటీ తిన్నగా రాలేదు. చీమను తీస్తే బూడిద, ఉప్పుకల్లును తీస్తే పొగ. చెయ్యి నిజంగానే వణుకుతుంటే రేపు ఏ పసివాడి చేతిని పట్టుకోవాలి? ఆమె భయమంతా అదే. ఫొటోలు పోతే పోయాయి.

"మీరు చెప్పినట్టే చేశాను. కెమెరాను స్టాండుకి బిగించాను. కదలనిది తీయమన్నారుగా, పడకగది గోడ మీద ఆవగింజంత నల్లమచ్చ ఉంటే దాన్ని తీశాను. టైమర్ పెట్టి వరసగా పది. చెయ్యి తగల్లేదు, అయినా మసకే. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?"

పెద్దాయన తన సరుకు మీద ఈగను కూడా వాలనివ్వడు. ఒక అగ్గిపుల్ల తీసి ఆమె ముందు పెట్టాడు.

"మోచేతులు బల్లకి ఆనించు. ఊపిరి బిగబట్టు. ఇప్పుడు నొక్కు."

ఆమె నొక్కింది. కెమెరా తెర మీద అగ్గిపుల్ల తల కొండంతైంది. మందులోని గరుకు పలుకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు.

"లెన్స్ బంగారం. నీ చెయ్యీ బంగారమే తల్లీ. మోచేతులు గాల్లో పెట్టి తీస్తే నా చెయ్యి కూడా వణుకుతుంది."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడా, అబద్ధమెందుకు. కాసేపటికి గానీ అసలు సంగతి గుర్తు రాలేదు. "మరి ఆ పది ఫొటోల మాటేంటి బాబాయ్?"

పెద్దాయన కెమెరాలోని కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. మొదటి ఫొటో పెద్దది చేశాడు. గోడకి వేసిన రంగు, అందులో కుంచె గీతలు, లేచిన పెచ్చు అంచు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పదింటిలోనూ అంతే. మసకంతా మచ్చ దగ్గరే, అదీ ఒక్కో ఫొటోలో ఒక్కో రకంగా.

"స్టాండు కదల్లేదు. గోడ కదల్లేదు," అన్నాడాయన నెమ్మదిగా. "మచ్చ కదిలింది. పురుగేమో చూశావా?"

"పురుగేంటి? మేం ఆ ఇంట్లో దిగినప్పటి నుంచీ అక్కడే ఉంది. మా అత్తగారు తడిగుడ్డ పెట్టి తుడిచి తుడిచి విసిగిపోయారు."

"అయితే కన్నమై ఉంటుంది. గోడ అవతల ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. మాది మూడో అంతస్తు. అవతల గాలే."

పెద్దాయన ఫొటోలో నలుపును కొంచెం కొంచెంగా పలచన చేస్తూ పోయాడు. మచ్చ మధ్యలో గోధుమరంగు వలయం ఒకటి బయటపడింది. ఇదేదో కొత్త విద్య అనుకుని ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది, పాపం.

"ఫొటోలు పడుతున్నప్పుడు నువ్వెక్కడున్నావ్?" ఆయన గొంతు మారింది.

"స్టాండు కదులుతుందని దూరంగా మంచం మీద కూర్చున్నాను. ఏం బాబాయ్?"

ఆయన ఫొటోలు వరసగా తిప్పాడు. ఐదోదాంట్లో ఆ వలయం మీదికి సన్నని చర్మం సగం దిగింది. ఆరోదాంట్లో పూర్తిగా కప్పేసింది. ఏడోదాంట్లో మళ్ళీ తెరుచుకుని సూటిగా కెమెరాలోకి చూసింది.

పదోదాంట్లో అది కెమెరాని వదిలేసి, మంచం వైపు తిరిగింది.