రెండోసారి అడగని లూసీ

"వుడ్ యూ లైక్ సమ్ టీ?" అని యాప్‌లోని బొమ్మ లూసీ గుమ్మంలో నిలబడి అడిగింది.

"నో, థాంక్యూ," అన్నాడు మోసిన్ సిగ్గుపడుతూ.

"ఓకే, బై!" లూసీ తలుపేసుకుంది. ఆట మళ్ళీ మొదటికొచ్చింది.

యమున టీచరుకు తల కొట్టేసినట్టయింది. ఇంగ్లీషు సరదాగా నేర్పుదామని తన ఫోనులో ఈ యాప్ పెట్టింది ఆమే. పుంగనూరు బడి టెన్త్ పిల్లలంతా లూసీ గడప దగ్గరే ఓడిపోతున్నారు. ఫోను వద్దనడానికి వచ్చిన హెడ్మాస్టర్ చెంగప్ప పక్కనే ఉన్నాడు.

"యస్ అనొచ్చు గదప్పా!" అంది యమున.

"అడగ్గానే ఎట్ల ఒప్పుకుంటాం మేడం? ఇంగో రెండుసార్లు బలవంతం చేస్తాదనుకుంటి," అన్నాడు మోసిన్.

"ఇట్లియ్యమ్మా, నేను సూస్తా," అని చెంగప్ప ఫోను అందుకున్నాడు. లూసీ అడిగింది.

"నో, నో," అన్నాడు పెద్దమనిషి తరహాలో.

తలుపు ధడాలున పడింది. ఆయన మొహం కందగడ్డయింది.

"ఇదేం మర్యాదమ్మా? ఇంటికొచ్చినోళ్లను ఇంగోసారి అడగదా? రేపట్నించి ఈ ఫోను బడిలో కనపడగూడదు!"

అంతలో అదే క్లాసు పిల్ల అల్ఫియా ఆయనకు టీ గ్లాసు తెచ్చింది. "టీ తాగుతారా సార్?"

"వద్దులేమ్మా," అన్నాడు అలవాటుగా.

"ఓకే, బై!" అంటూ అల్ఫియా గ్లాసుతో సహా వెనక్కి తిరిగింది.

ఆ పిల్ల గడప దాటబోతుండగా చెంగప్ప కేక బడంతా వినిపించింది.

"యస్! యస్, ప్లీజ్!"

ఆయన చేతిలోని ఫోను టింగుమంది. లూసీ నవ్వుతూ తలుపు తీసింది.