మను ఎవరు?

నాలుగేళ్లు నిండినా నోట మాట లేని కూతురు ఆ రోజు పొద్దున ఒక మగవాడి పేరు పలికింది.

పట్టుపురుగులకు మల్బరీ ఆకు పరుస్తున్న మునిశంకర్ చెయ్యి అలాగే నిలిచిపోయింది. నయన ఎప్పటిలాగే గోడవైపు తిరిగి కూర్చుని స్టీలు మూతను గిరగిరా తిప్పుకుంటోంది. పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పని పిల్ల, బయట అడుగుల చప్పుడు కాగానే మూత వదిలేసి గుమ్మంవైపు చూసింది. ముక్కుతో మూలిగినట్టు ఒకే ఒక్క మాట అంది.

“మను.”

మునిశంకర్ ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి వెళ్లాడు. భార్య చైత్ర పాలక్యాను కడుక్కుని లోపలికి వస్తోంది. ఆమె వెనక, రోడ్డు మలుపులో ఎవరిదో బైకు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

“ఎవురది?” అన్నాడు.

“యాడ?” చైత్ర వెనక్కి తిరిగి చూసింది. “ఎవురూ లేరే.”

ఆ ‘లేరే’ అన్న తీరు అతనికి నచ్చలేదు. పాప మాట్లాడిందని భార్యతో చెప్పలేదు.

తన చుట్టాల్లో మను అనేవాడు లేడు. కామసముద్రంలో ఆమె పుట్టింటివైపూ లేడు. చైత్ర స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోను తీసి పేర్లన్నీ వెతికాడు. అందులోనూ లేడు. చెరిపేసి ఉంటుంది అనుకున్నాడు.

“నేను డెయిరీకి పోయినప్పుడు ఇంటికి ఎవురైనా వస్తారేమ్మా?” అని తల్లి చిన్నవెంకటమ్మను అడిగాడు.

“ఎవురొస్తారప్పా? నీ పెండ్లామే గదిలో తలుపేసుకొని గంటలకొద్దీ మాట్లాడతా ఉంటాది. ఎవురితోనో నాకేం తెలుసు?” అంది ఆమె.

లోపల ఉన్నది నోరు లేని పిల్ల. మరి మాటలు ఎవరితో?

పది రోజుల్లో ఆ పేరు మరో రెండుసార్లు విన్నాడు. మూడోసారి, అరచినంత పని చేసి “ఇంగ ఆ పేరు ఎత్తద్దు!” అన్నాడు. నయన బెదిరి మంచం కిందికి దూరింది. ఆ తర్వాత మళ్లీ అనలేదు.

మంగళవారం చైత్ర పాపను కోలారులోని మాటలు నేర్పే సెంటరుకు తీసుకెళ్లే రోజు.

“నేనూ వస్తా,” అన్నాడు మునిశంకర్.

“నువ్వా? పురుగులకు ఆకు ఎవురేస్తారు?”

“అమ్మ వేస్తాది.”

చైత్ర ముఖం వెలిగిపోయింది. రెండేళ్లలో అతను ఒక్కసారీ రాలేదు మరి. ఆ వెలుగు కూడా అతనికి నటనలాగే కనిపించింది.

బస్సు దిగి ఆటో ఎక్కారు. “నీ పేరేమప్పా?” అని డ్రైవర్‌ని అడిగాడు.

“నాగేశన్నా. ఎందుకు?”

“ఊరికే.”

సెంటరు గేటు దగ్గర వాచ్‌మన్‌నీ అడిగాడు. ఆదినారాయణప్ప అట.

లోపల మాటలు నేర్పే ఉమాదేవి మేడం నేలమీద, నయనకు ఎదురుగా కూర్చుంది. బొంగరాన్ని తన కళ్ల పక్కనే పెట్టుకుని, పాప చూపు అక్కడికి వచ్చేంతవరకూ కదలకుండా ఉంది.

“మన ముఖాలకన్నా తిరిగే వస్తువులే ఈ బిడ్డకు ఇష్టమప్పా,” అంది మునిశంకర్‌తో. “చూపు ముఖం మీదికి వస్తే, మాట వచ్చేదానికి దారి దొరుకుతాది.”

అతను ఆ మాట వినిపించుకోలేదు. “ఇక్కడ మగ టీచర్లు ఉండారా మేడం?”

“లేరు. నేనొక్కతే.”

“అట్లయితే మను ఎవురు?” అంటూ భార్యవైపు తిరిగాడు.

“ఏ మను?”

“నన్నడుగుతావా? పాపే చెప్పింది! ఒకసారి కాదు, మూడుసార్లు. నా చెవులారా విన్నాను.”

చైత్ర చేతిలోని సంచి జారిపోయింది. ఇప్పుడు ఏడుస్తుంది, లేకపోతే అబద్ధమాడుతుంది అని అతను కాచుకుని ఉన్నాడు. ఆమె వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

“పాప మాట్లాడిందా? నిజంగా మాట్లాడిందా? ఎప్పుడు?”

“పది రోజులాయ.”

“పది రోజులు నాకు చెప్పకుండా ఉండావా!” కళ్లనీళ్లతోనే అతన్ని కుదిపింది. “ఎట్లుండాది దాని గొంతు? ఎట్ల పలికింది?”

మునిశంకర్ తడబడ్డాడు. అయినా పట్టు వదల్లేదు. “పేరు సంగతి దాటేయద్దు. ఎవురు వాడు?”

“గలాట వద్దు, బిడ్డ బెదురుతాది,” అని మేడం ఇద్దరినీ ఆపింది. “చైత్రా, ఇంట్లో పాపకు ఏం నేర్పిస్తుండావు?” అని అడిగింది.

“ఒకే మాట మేడం. తలుపేసుకొని, దాని ముందర కూర్చొని, రోజుకు నూరుసార్లు.”

“ఇప్పుడూ అట్లే నేర్పించు. మేము ఉండామని అనుకోవద్దు. నువ్వు ఇట్ల జరుగప్పా.”

చైత్ర కళ్లు తుడుచుకుని కూతురి ఎదుట కూర్చుంది. బొంగరం తిరగడం ఆగేదాకా ఓపిక పట్టింది. తర్వాత పాప ముఖంలోకి వంగి, రెండు మాటలూ ఒకటిగా కలిసిపోయేటంత గబగబా అంది.

“అమ్మ అను, నయనా. అమ్మ అను. అమ్మ అను.”

నయన తలెత్తింది. ఒక్క క్షణం తల్లి కళ్లలోకి చూసి, ఆమె చెంప మీద చెయ్యి వేసి, ఇన్నాళ్లూ ఆమె చెప్పుకుంటున్న పేరు అదే అన్నట్టు పిలిచింది.

“మ్మను.”