మూడో దీవి

సెలవులకు వెళ్లేవాళ్లు ముందు ప్లానర్‌ని అడగడం అప్పటికి అందరికీ అలవాటైపోయింది. ఇంటి మనుషుల్ని ఏళ్లుగా చూస్తున్న యంత్రం కాబట్టి, ప్రయాణం ఎలా సాగుతుందో ముందే చెప్పేసేది.

విశాఖలో ఉండే పైడిరాజు, నీలవేణి దంపతులు నెలన్నర పాటు అండమాన్ దీవులన్నీ తిరగాలనుకున్నారు. ప్లానర్ మాత్రం, "మూడో దీవిలో గొడవపడతారు. తిరిగొచ్చేదాకా మాట్లాడుకోరు" అంది.

పైడిరాజుకి కాలు నిలవలేదు. బట్టలు ఆరేస్తూ దీవి మార్చి అడిగాడు, అంట్లు తోముతూ హోటల్ మార్చి అడిగాడు. ఎన్ని మార్చినా అదే జవాబు.

"అసలు దేని గురించి గొడవ?" దోసె వేస్తున్న నీలవేణి విసుగ్గా అడిగింది.

"మీ పాప గురించి" అంది ప్లానర్.

పుట్టిన వారానికే పోయిన పాప గురించి వాళ్లు ఆరేళ్లుగా ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నీలవేణి స్టవ్ కట్టేసింది.

"దానికి అంత దూరం ఎందుకండీ? ఇక్కడే గొడవపడదాం. ఆ రోజు మీ కంట చుక్క నీరు రాలేదు. నేనొక్కదాన్నే ఏడ్చాను."

"నేనూ ఏడిస్తే నిన్నెవరు పట్టుకుంటారు వేణీ?"

"పట్టుకోమని నేనడిగానా? నాతో కలిసి ఏడిస్తే చాలనుకున్నాను."

అతను వంటింటి గడప మీదే కూలబడి ఏడ్చాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

ఆ వారమే, ప్లానర్‌ని ఇంకేమీ అడక్కుండా ఓడెక్కారు. తీరం కనుమరుగయ్యాక, పాపకి పెట్టాలని తను దాచుకున్న పేరు పైడిరాజు మొదటిసారి ఆమెకు చెప్పాడు.