రెండు మార్కులు

పరీక్ష మొదలై గంట కూడా కాలేదు. మూడో వరుసలో, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ లేచి నిలబడింది.

హాల్లో కిసుక్కున నవ్వులు.

కాపలాకి వచ్చిన కొత్త లెక్చరర్ గబగబా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది సార్. అయిపోయింది."

"ఇంకా రెండు గంటల టైముంది. కూర్చుని ఆలోచిస్తే నాలుగు ముక్కలు తట్టకపోవు."

"తట్టినవి చాలు సార్."

పేపరు అతని చేతిలో పెట్టి, చెప్పుల చప్పుడు కూడా వినబడకుండా వెళ్ళిపోయింది.

ఆఫీసు గదిలో గుమస్తా నవ్వాడు.

"ఆవిడ సంగతి మీకు తెలీదు కదూ! వెనక వీధిలో బట్టలు కుట్టే షాపు ఆవిడదే. నలభై దాటాక డిగ్రీలో చేరింది. మిగతావన్నీ మొదటి దెబ్బకే గట్టెక్కి, ఈ స్టాటిస్టిక్స్ దగ్గర చతికిలబడింది. ఏడేళ్ళుగా దండయాత్ర చేస్తోంది! రాకపోతే పేరు కొట్టేస్తారని ఏటా ఠంచనుగా హాజరవుతుంది. ఈ కాలేజీలో ఆవిడకన్నా సీనియర్లంటే ఈ గోడలే."

లెక్చరర్‌కి నవ్వు రాలేదు. చదువు మధ్యలో ఆపేసిన తన అక్క గుర్తొచ్చింది.

నాలుగు రోజుల తర్వాత లైబ్రరీ మెట్ల మీద పెద్దమ్మ మళ్ళీ లెక్చరర్‌కి కనబడింది. చుట్టూ నలుగురు విద్యార్థులు. మొన్న నవ్వినవాళ్ళూ అందులో ఉన్నారు.

ఆమె మెట్టు మీద గుండీలు పరిచింది.

"ఇదిగో, సగటు ఇక్కడుంది. ఈ ఎర్ర గుండీ దానికి ఎంత దూరం పారిపోయిందో చూడండి. అన్నీ కలిపి ఎంతెంత దూరం పారిపోయాయో తేల్చడమే మన పని. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?"

తను మూడు క్లాసులు తీసుకుని గొంతు పోగొట్టుకున్న పాఠం! వాళ్ళు తలలూపుతున్నారు. ఈసారి అర్థమయ్యే ఊపుతున్నారు.

వాళ్ళు వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

"ఈ ప్రశ్న మొన్న పరీక్షలో వచ్చిందిగా అమ్మా! రాయలేదేం?"

ఆమె గుండీలు ఏరి డబ్బాలో వేసుకుంది.

"అక్కడ కూర్చుంటే చెయ్యి ఆడదు సార్."

పరీక్ష భయం అన్నమాట. పాపం అనిపించింది.

దిద్దాల్సిన కట్టలో ఆమె పేపరు రాగానే గుర్తుపట్టాడు. మిషను మీద కుట్టినట్టు ఒక్క తీరున ఉన్న అక్షరాలు. రాసింది మూడు జవాబులే. ఎక్కడా తప్పు లేదు. కూడితే ముప్ఫై ఎనిమిది వచ్చింది.

నలభై వస్తే పాసు.

పెన్ను మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు. తప్పని తెలుసు. తెలిసే, గ్రాఫు అందంగా గీసినందుకు ఇంకో రెండు మార్కులు వేశాడు.

ఫలితాలు వచ్చిన పూట మార్కుల జాబితా పట్టుకుని తనే ఆమె షాపుకి వెళ్ళాడు.

పెద్దమ్మ మిషను తొక్కుతోంది. పక్కన స్టూలు మీద ఒకమ్మాయి, ఒళ్ళో తెల్ల కర్ర పెట్టుకుని ఏదో పాఠం గొణుక్కుంటోంది.

"పెద్దమ్మా, మీరు పాసయ్యారు!"

మిషను ఆగింది. అమ్మాయి గొణుగుడూ ఆగింది.

"ఎన్నొచ్చాయి సార్?"

"నలభై!"

"ముప్ఫై ఎనిమిది కదూ రావాల్సింది?"

అతను పకపకా నవ్వాడు. "భలే లెక్కమ్మా మీది! ఆ రెండూ మీ గ్రాఫుకి."

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళు నిండాయి. ఏడేళ్ళ కష్టం, ఆ మాత్రం కన్నీళ్ళు రావా అనుకున్నాడు లెక్చరర్.

"దీన్ని వెనక్కి తీసుకోవడం కుదరదా సార్?"

"భలేవారే! వచ్చిన పాసుని ఎవరైనా వద్దంటారా?"

వెలిగిపోతున్న అతని మొహంలోకి ఆమె కాసేపు చూసింది. కాగితాన్ని మడిచి గుండీల డబ్బా కింద పెట్టింది.

"చల్లగా ఉండు బాబూ. నా చదువు గురించి ఇంత ఆరాటపడ్డవాళ్ళు ఎవరూ లేరు."

తర్వాత అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎల్లుండికి ఎవరో ఒకర్ని చూస్తాలే. బెంగపడకు."

అతను గాల్లో తేలిపోతూ వీధిలోకి వచ్చాడు. పది అడుగులు వేశాడో లేదో, వెనకనుంచి కర్ర టకటకమంది.

"సార్! ఒక్క నిమిషం."

ఆ అమ్మాయే.

"ఎల్లుండి మా కాలేజీలో నా డిగ్రీ ఆఖరి పరీక్ష. నేను చెప్తుంటే రాసిపెట్టాలి. మీ ఎరికలో డిగ్రీ పాసవనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"పాసవనివాళ్ళే ఎందుకమ్మా? డిగ్రీ పాసైన మంచి స్టూడెంట్లు బోలెడుమంది ఉన్నారు."

"కుదరదు సార్. డిగ్రీ ఉన్నవాళ్ళు చూపులేని మాకు రాసిపెట్టకూడదు. అది రూలు. చదువుకుంటున్నవాళ్ళకి వాళ్ళ పరీక్షలతోనే సరిపోతుంది. అలాగని పాఠం బొత్తిగా తెలియనివాళ్ళకి మేం చెప్పే సూత్రాలు రాయడం రాదు."

లెక్చరర్ నవ్వు మొహంలోనే ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎవరు రాశారు?"

"పెద్దమ్మే సార్. నాకు మూడేళ్ళూ, నాకన్నా ముందు ఇంకో పదకొండుమందికి. నేను తప్పు చెప్తే తప్పే రాసేది. బయటికొచ్చాక చెవి మెలిపెట్టేది."

అమ్మాయి నవ్వబోయి, తల దించుకుంది.

"మాకు రాసిపెట్టడానికి తను పనికిరాకుండా పోకూడదనే సార్, ఏడేళ్ళుగా ఆ ఒక్క పేపరూ లెక్క చూసుకుని మరీ రెండు మార్కుల్లో తప్పుతూ వచ్చింది."