నెహ్రూకి మొక్కిన పోతు

"నెహ్రూకి మేకపోతును కొయ్యడానికి వీల్లేదు!"

హెడ్మాస్టరు వెంకటేశ్వరరావు బడి గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ఎదురుగా పూజారి బొజ్జయ్య, అతని చేతిలో కత్తి. వెనక డోలు. డోలు వెనక గూడెం మొత్తం. పోతు మెడలో బంతిపూల దండ వేశారు. అది అప్పుడే సగం దండ తినేసింది.

టేకులపల్లి అడవిలో ఆ గూడేనికి మూడు బోర్లు వేస్తే మూడూ దుమ్ము కక్కాయి. నాలుగోది బడి ఆవరణలో, నెహ్రూ విగ్రహం పక్కన వేశారు. నీళ్లు తాటిచెట్టంత ఎగిరాయి. అంతే. ఊరు ఒకసారి చేతులు జోడిస్తే మళ్లీ విడదీయడం దానికి చేతకాదు. 2005 నవంబరు పద్నాలుగున మొక్కు తీర్చాలన్నారు. మచ్చలేని నల్ల పోతే కావాలన్నారు. అలాంటిది జంపక్క దగ్గర ఒక్కటే ఉంది. తల్లి చస్తే చెంబుతో పాలు పట్టి పెంచుకున్న పోతు. ఊరి మాట కాదనలేక తోలుకొచ్చింది గానీ, తాడు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

"ఆయనకు పూజల మీద నమ్మకం లేదయ్యా బొజ్జయ్యా! నేను పోయాక నాకు ఏ కర్మకాండా చెయ్యొద్దని వీలునామా రాసి మరీ పోయాడు."

"మరి పోయినాక బూడిద ఏం చేసిండ్రు సారూ?"

"కొంత గంగలో కలిపారు. అదీ మతం కోసం కాదు. చిన్నప్పట్నుంచీ ఆ నదంటే ఆయనకు ప్రేమ."

"ఒద్దన్న పూజలు చేసిండ్రా, చెయ్యలేదా?"

సారు నసిగాడు. "చేశారు."

"గదీ! ఢిల్లీలోళ్లే ఆయన మాట ఇనలే. అడివిలోళ్లం, మేమెందుకినాలె? కొట్టుర్రా డోలు!"

"ఆగండి! నీళ్లున్న చోట నీళ్లు పడతాయి, దానికి నెహ్రూ ఏం చేస్తాడు? ఆయన సైన్సును నమ్మిన మనిషి. మొక్కులు, పూనకాలు అన్నీ నాటకాలు! విద్య కావాలన్నాడు, పిల్లలు బాగుండాలన్నాడు. అంతే!"

ఎవరూ వినలేదు. జంపక్క ఒక్కతే ఒక్క మాట పోకుండా విన్నది.

డోలు మోగింది. నలుగురు కలిసి సారును పక్కకు నెట్టారు. బొజ్జయ్య కత్తికి పసుపు పూశాడు.

అప్పుడు కేక వినిపించింది. జంపక్క జుట్టు విరబోసుకుని ఊగుతోంది. పోతు కూడా తాడుతో పాటు ఊగుతోంది. ఎవరో పరుగున వచ్చి ఆమె కాళ్లమీద పసుపు నీళ్లు పోశారు.

బొజ్జయ్య వంగి అడిగాడు. "ఎవలు తల్లీ నువ్వు? ముత్యాలమ్మవా?"

"తల్లెవర్రా? నేను నెహ్రూని!"

డోలు టక్కున ఆగిపోయింది. నెహ్రూకి ఏ దెబ్బ కొట్టాలో డోలు వాడికి తెలియదు.

"ఏం గావాలె సామీ?"

"ఏమొద్దు."

"పోతును తెచ్చినం."

"ఒద్దని రాసిచ్చిన గదరా! కాయితం సదవలేదా?"

"మాకు సదువు రాదు సామీ."

"మరి గంత పెద్ద బడి ముంగట నన్నెందుకు కూసోబెట్టిండ్రురా?"

బొజ్జయ్య తలవంచాడు. "కోడినన్నా?"

"ఒద్దు."

"కొబ్బరికాయ?"

"ఒద్దు. బెల్లం ఉంటే పిలగాండ్లకు పెట్టుండ్రి."

"గట్లంటే ఎట్ల? నిన్ను నమ్మినోళ్లం సామీ."

"నన్ను నమ్మొద్దు! నేను దేవుణ్ణి గాను. పూనకాలు ఉత్తయి. నేను ఎవ్వల మీదికీ రాను!"

ఆ మాట అని జంపక్క గిర్రున తిరిగి పడిపోయింది. పడుతూ కూడా తాడు వదల్లేదు.

బొజ్జయ్య విగ్రహం వైపు చూశాడు, పోతు వైపు చూశాడు, కత్తి నడుముకు చెక్కుకున్నాడు. "తినేటోడే ఒద్దన్నంక మనదేముంది? ఇడిసిపెట్టుండ్రి." పిల్లలు కేరింతలు కొడుతూ బెల్లం కోసం కొట్టుకు పరుగెత్తారు. పోతు మిగిలిన సగం దండ తినడం మొదలుపెట్టింది. జంపక్క పడినచోటే ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.

ఇరవై ఏళ్ల మాస్టరీలో వెంకటేశ్వరరావు మొదటిసారి గెలిచాడు. కళ్లనిండా నీళ్లు. చెప్పులు విడిచి, జంపక్క పాదాలు కళ్లకద్దుకుని, జనం వైపు తిరిగి విజయగర్వంతో అరిచాడు.

"పూనకాలు అబద్ధమని నేను మొత్తుకుంటే ఒక్కడైనా నమ్మారా? ఇప్పుడు చూడండి, సాక్షాత్తూ ఆయనే ఈవిడ ఒంటిమీదికి వచ్చి చెప్పాడు!"