రోగానికి దాచిన డబ్బు

"పది రోజుల కిందట ఇంజనుకని అడిగినావు, నేదు పొమ్మన్నాం. ఇయ్యాల రోగమంటన్నావు. ఏటి గంగులూ, మా సెవుల్లో పువ్వులెడతన్నావేటి?"

సంఘం పెద్ద మరిడమ్మ అలా నిలదీసేసరికి అరుగు మీదున్న ఆడవాళ్లంతా గంగులు వైపు చూశారు. పదిమంది చేపలమ్ముకునేవాళ్లు నెలకు యాభై చొప్పున ఆరేళ్లుగా కూడబెట్టిన ఆరోగ్య పొదుపు అది. ఎవరింట జబ్బు చేసినా ఇస్తారు. పెళ్లికీ పడవకీ పైసా రాలదు.

గంగులు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. వారం కిందట ఊళ్లో రక్తపరీక్షలు చేసిన క్యాంపు వాళ్లు పంపింది. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో అక్షరం ముక్క రానివాళ్లకి కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. నాలుగు దాటిందంటే ఆ పూట ఆ ఇంట పొయ్యి వెలగదు.

మరిడమ్మ కళ్లజోడు సర్దుకుని చదివింది. మళ్లీ చదివింది.

"నాలుగున్నర" అంది. గొంతులో ఇందాకటి కటువు లేదు.

గంగులు పెళ్లాం దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "కాళ్లు పొంగుతన్నాయి, సూపించుకో అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇన్నాడా అప్పా!"

గంగులు తల దించుకున్నాడు. ఉప్పునీళ్లలో నానే కాళ్లు పొంగక ఏమవుతాయి? ఆ కాగితంలో ఉన్న రక్తం తనది కాదు, దాలమ్మ తమ్ముడు రాముడిది. రాముడికి మూడేళ్లుగా కిడ్నీ జబ్బు. క్యాంపు వాళ్లు పేర్లు రాసి పంచిన చీటీలు మార్చుకుందామని గంగులే బావమరిదిని బతిమాలాడు. తనకా చదువు రాదు. రెండు చీటీలూ రాముడికిచ్చి, వాడు తిరిగిచ్చినదాన్ని పట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

వారంలో వేట నిషేధం ఎత్తేస్తారు. పడవ ఇంజను బాగుచేయించకపోతే ఊరంతా సముద్రం మీదకెళ్తుంటే తనొక్కడూ ఒడ్డున గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి. నాలుగు వేటలు బాగా పడితే ఆ డబ్బు గుట్టుగా సంఘంలో కట్టేయొచ్చు. కట్టేస్తాడు కూడా, గంగులు అంత చెడ్డవాడేం కాదు.

సంఘం డబ్బు పెట్టె చూసే తాయారు నోట్లు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది. ఇరవై వేలు.

"సాలకపోతే మొగమాటపడకు, ఇంకా అడుగు" అంది మరిడమ్మ. "ఇందాకా కసురుకున్నాను. మనసులో ఎట్టుకోకు తమ్ముడా."

ఆ జాలి అతనికి ఒంటికి కారం రాసినట్టుంది. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ తేలు కుట్టిన దొంగలా నోట్లు పంచెలో దోపుకుని బయటపడ్డాడు.

సందు మలుపులో ఆటో ఆగింది. విశాఖ ఆసుపత్రిలో ఐదు రోజులుండి వచ్చిన రాముడు కమ్మీ పట్టుకుని మెల్లగా దిగాడు. గంగుల్ని చూడగానే అతని మొహం చిన్నబోయింది.

"సంగమోళ్లు డబ్బు ఇయ్యనేదు గదా, బావా? నాకు తెల్సు."

"ఏటంటన్నావు రాముడూ?"

"నన్ను తిట్టు, పడతాను. నా పేరు మీద నీ మంచి రగతం ఎల్తే నాకు జబ్బు నేదని రాసేస్తారు గదా. ఊరికినే ఇచ్చే మందులు ఆపేస్తారు. పిల్లలున్నోన్ని, బయమేసినాది." రాముడు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నానా సీటీలు మార్సనేదు బావా. ఆ రోజు నీ సేతిలో ఎట్టింది నీ సీటీయే."